తుఫాను మర్నాటి వెలుగు: నా మొదటి నైరూప్య చిత్రం

చాలా ఏళ్లు నేను పోలిక కుదిరే బొమ్మలే వేశాను. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖమైనా, గుడి గోపురమైనా, గోదావరి పాయలో నిలిచిన పడవైనా, చూసినవారు వెంటనే గుర్తుపట్టాలన్నదే నా కొలమానంగా ఉండేది. గుర్తుపట్టే రూపాలు లేకుండా రంగులు, గీతలతోనే వేసే నైరూప్య చిత్రాల పట్ల గౌరవం ఉండేది గానీ, అటువంటి పని నేను చేయగలనని, చేయవలసి వస్తుందని అనుకోలేదు. చిన్ననాటి ఒక రాత్రిని, దాని మర్నాటి ఉదయాన్ని చిత్రంగా వేయాలని కూర్చున్న తరువాతే నాకు అలవాటైన దారి చాలదని తెలిసింది. ఆ చిత్రం ఎలా తయారయిందో, ఏయే చోట్ల ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ రాత్రి 1996 నవంబరు 6. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. సముద్రం పక్కనే ఉన్న భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లు పడిన కష్టంతో చూస్తే మాకు జరిగినది కష్టమే కాదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మాది కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు. గాలి పెరిగేకొద్దీ సావిడి, వంటిల్లు, పడమటి గది ఒక్కొక్కటిగా విడిచిపెట్టి, ఇంట్లోవాళ్లందరం, తోట పక్క పాకల్లో ఉండే రెండు కుటుంబాలవారూ కలిసి, నడిమి గదిలో చేరాం. ఒకటే లాంతరు. పైన పెంకులు లేచిపోతున్న చప్పుడు, దూరంగా మానులు విరుగుతున్న చప్పుడు, వాటన్నిటి కింద తెంపు లేకుండా సాగిన గాలి హోరు.

తెల్లవారి తలుపు తీసినప్పుడు ముందుగా నా కంట పడినది వెలుగు. మా పెరట్లో మిట్టమధ్యాహ్నం కూడా నీడే ఉండేది. ఎండ ఆకుల సందుల్లోంచి చిన్న చిన్న ముక్కలుగా మాత్రమే నేల మీద పడేది. ఆ ఉదయం ఆ ఆకులు లేవు. మబ్బు ఇంకా పూర్తిగా విడిపోలేదు గానీ ఎటు చూసినా తెలుపు, ఎక్కడ నిలబడినా ఆకాశం. మా ఇంటి దగ్గర అంత ఆకాశం ఉన్నదని అంతవరకు నాకు తెలియదు. ఆశ్చర్యం కలిగింది, దానితో పాటు సంతోషమూ కలిగింది. నా పక్కనే గుమ్మంలో నిలబడిన మామ్మ అదే వెలుగును చూసి ఏడ్చింది.

ఈ ఉదయాన్ని ముందుగా నాకు చేతనైన పద్ధతిలో, నీటిరంగులతో వేశాను. కూలిన చెట్లు, కప్పు లేచిపోయిన ఇల్లు, గుమ్మంలో ఒక ముసలామె. చూసినవారు తుఫాను అన్నారు, జాలిపడ్డారు. బొమ్మగా అది చెడ్డది కాదు. కానీ అందులో ఉన్నది మామ్మ చూసిన ఉదయం. నేను చూసిన ఉదయం లేదు. మామ్మ పక్కన సంతోషంగా ఉన్న పిల్లను కూడా వేస్తే, పాపం ఆ పిల్లకు ఏమీ తెలియదని చూసేవారు సరిపెట్టుకుంటారు. రూపాలు ఉన్నంతసేపూ బొమ్మ ఎవరో ఒకరి పక్షాన నిలుస్తుందని నాకు అనిపించింది. ఒకే వెలుగులో ఇద్దరి మనసులూ ఉండాలంటే, మనుషులనూ చెట్లనూ తీసివేసి ఆ వెలుగుతోనే పని చేయాలి. నన్ను నైరూప్యం వైపు తిప్పినది ఈ అవసరమే.

కాన్వాసు కొనకముందే అమ్మకు ఫోన్ చేసి ఆ రాత్రి సంగతులు అడిగాను. నా జ్ఞాపకంలో రాత్రంతా భయమే ఉంది. అమ్మ వేరుగా చెప్పింది. “నువ్వు భయపడ్డావని ఎవరన్నారే? పిల్లలందరూ ఒకే దుప్పట్లో దూరి ఒకటే నవ్వులు. మీ నాన్న గొడ్ల పాక దగ్గర ఉన్నారని మేము హడలిపోతుంటే ఈ ఇకఇకలేమిటని మీ మామ్మ మిమ్మల్ని కసిరింది కూడా” అన్నది. ఆ మాట విన్న తరువాత ఆ దుప్పటి, అందులోని వెచ్చదనం, అత్త కూతుళ్ల మోచేతులు అన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. భయం ఉన్నది నిజమే. రోజూ వేరువేరు గదుల్లో పడుకునే పెద్దలందరూ ఆ రాత్రి ఒకే గదిలో, చేయి చాపితే అందేంత దగ్గరలో ఉన్నారన్న హాయి ఉన్నదీ నిజమే. పశువుల పలుపులు విప్పి, తడిసి వణుకుతూ నాన్న తిరిగి వచ్చేవరకు ఆ రెండూ విడదీయరాకుండా ఉన్నాయి. పెద్దయ్యాక, ఆ తుఫానులో ఎందరు పోయారో తెలిశాక, ఆ హాయిని తలచుకోవడానికే మనసొప్పక జ్ఞాపకంలోంచి దాన్ని తుడిచివేసినట్లున్నాను. చిన్ననాటి ఉద్వేగాలను ఆధారం చేసుకుని బొమ్మ వేయదలచినవారు, ఆ రోజుల్లో తమ పక్కన ఉన్న ఒక మనిషిని ముందుగా అడిగి తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ ఫోన్ చేయకపోతే నేను మరో తుఫాను బొమ్మే వేసి ఉండేదాన్ని.

తరువాత ఒక నోటుపుస్తకంలో ఆ రాత్రిని రాసుకున్నాను. వస్తువుల పేర్లు రాయకూడదని నియమం పెట్టుకున్నాను. లాంతరు అని రాయకుండా ఎడమ చెంపకు తగిలే వెచ్చదనం అని, పెంకులు అని రాయకుండా తలపైన ఎక్కడ పుడుతుందో తెలియని పొడి చప్పుడు అని రాశాను. ప్రతి అనుభూతికీ బరువు ఎంత, వేగం ఎంత, అది ఏ దిక్కు నుంచి వస్తోంది, దానికి అంచు ఉందా లేదా అని ప్రశ్నించుకున్నాను. వీటిలో దిక్కు అన్న ప్రశ్న నాకు ఎక్కువ ఉపయోగపడింది. మన అర్ధగోళంలో తుఫాను గాలి కేంద్రం చుట్టూ గడియారపు ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది కనుక, కేంద్రం కదిలిపోతున్నకొద్దీ నేల మీద ఒకచోట నిలిచినవారికి గాలి దిక్కు మారుతుంది. అర్ధరాత్రి దాటాక మామ్మ “గాలి తిరిగింది” అన్నప్పుడు పెద్దవాళ్ల ముఖాలు మారిపోవడం నాకు గుర్తుంది. ఒక వైపుకు వంగి నిలదొక్కుకున్న చెట్టును ఎదురు గాలి విరిచేస్తుందని వాళ్లకు తెలుసు. కాన్వాసు మీద కుంచె గీతలు రెండు దిక్కుల్లో నడవాలని, రెండవ దిక్కు మొదటిదాన్ని తెంచుకుంటూ పోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఇక రంగులు. ఎరుపు కోపానికి, నీలం విచారానికి, పసుపు ఆనందానికి అని చెప్పే పట్టికలు నాకు కొంచెం కూడా పనికిరాలేదు. ఎవరికైనా పనికివస్తాయని కూడా నేను అనుకోను. మా ఇంట్లో కరెంటు పోయిన రాత్రులే లాంతరు వెలిగేది కనుక నా చిన్నతనంలో భయానికి రంగు ఉంటే అది పసుపే, దగ్గరితనానికి రంగు ఉన్నా అదే పసుపు. రష్యాలో పుట్టిన నైరూప్య చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ 1913లో వెలువరించిన తన జ్ఞాపకాలలో, మూడేళ్ల వయసు నుంచి తన మనసులో నిలిచిన మొదటి రంగుల గురించి రాశాడు. బండివాడు సన్నని కొమ్మల మీది బెరడును చుట్టలుగా ఒలుస్తుంటే పైపొరలో గోధుమ కలిసిన పసుపు, దాని కింద నవనవలాడే ఆకుపచ్చ, లోపల దంతపు తెలుపు కనిపించాయని చెప్పాడు. రంగుల గురించి అంత సిద్ధాంతం రాసిన మనిషికి కూడా మొదటి రంగులు ఒక కొమ్మ నుంచి వచ్చాయి. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా 1922లో నేటి మధ్యప్రదేశ్‌లో పుట్టి అడవుల నడుమ పెరిగారు. అడవిలో రాత్రులు భయం గొలిపేవని, తెల్లవారితే మనసుకు భద్రత తిరిగి వచ్చేదని ఆయన చెప్పుకున్నారు. బడిలో నిలకడ లేని ఆ పిల్లవాడి చూపును నిలపడానికి ఉపాధ్యాయుడు గోడ మీద గీసిన చుక్క, దశాబ్దాల తరువాత ఆయన చిత్రాల్లో బిందువుగా వచ్చి నిలిచింది. రజా మాటలు చదివినప్పుడు నా ఉదయం ఆయన ఉదయానికి తలకిందులుగా ఉందని గమనించాను. మా ఇంట్లో భద్రత రాత్రి నడిమి గదిలో ఉంది; తెల్లవారాక చూస్తే అది పోయింది. అంటే నా చిత్రంలో చీకటి భాగం వెచ్చగా, వెలుగు భాగం చల్లగా ఉండాలి. చిత్రం మొత్తానికి ఆధారమైన ఆలోచన ఇదే.

వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 30 అంగుళాలు ఉన్న నూలు కాన్వాసు తీసుకున్నాను. చిన్నదైతే మణికట్టుతోనే పని నడుస్తుంది, చెయ్యి పాత అలవాటు కొద్దీ పోలికల వైపు పోతుంది. ఈ పరిమాణంలో భుజం కదలక తప్పదు. అంగట్లో కొన్న కాన్వాసుకు పూత ముందే ఉన్నా, మరో రెండు పూతలు జెస్సో (రంగు పట్టేందుకు ముందుగా వేసే తెల్లని పూత) పట్టించి, ఆరిన తరువాత సన్నని ఉప్పుకాగితంతో రుద్దాను. పొర మీద పొర వేయవలసిన పని కనుక నీటితో కలిపే, త్వరగా ఆరే ఆక్రిలిక్ రంగులు ఎంచుకున్నాను. తైలవర్ణాలైతే ఒక్కొక్క పొర ఆరడానికి రోజులు పడుతుంది. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ రంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), టైటానియం తెలుపు మాత్రమే వాడాను. నల్లరంగు కొనలేదు. అల్ట్రామెరైన్‌ను బర్న్‌ట్ సియెన్నాతో కలిపితే ఇంచుమించు నలుపంత చిక్కని రంగు వస్తుంది. నీలం పాలు పెరిగితే అది చల్లబడుతుంది, సియెన్నా పాలు పెరిగితే వెచ్చబడుతుంది. ఆ రాత్రికి అటువంటి చీకటే కావాలి. ఆక్రిలిక్‌లో రంగును పట్టి ఉంచే పదార్థం తడిగా ఉన్నప్పుడు పాలలా ఉండి, ఆరాక పారదర్శకమవుతుంది కనుక రంగు ఆరిన తరువాత కొంచెం ముదురుతుంది. అందుకని ప్రతి మిశ్రమాన్నీ కాగితపు ముక్కల మీద పూసి, ఆరిన తరువాత చూసి, ఆ ముక్కలను గోడకు అంటించుకుని పని చేశాను.

రంగు ముట్టుకోకముందు బొగ్గుతో కొన్ని కాగితాలు నింపాను. కళ్లు మూసుకుని గాలి హోరును తలచుకుంటూ, చెయ్యి ఎత్తకుండా గీసిన గీతలు అవి. వాటిలో పనికివచ్చినవి కొద్దిగానే, కానీ నా చేతి వేగం అందులో కుదిరింది.

మొదటి పొర గోడలకు రంగు వేసే వెడల్పాటి కుంచెతో వేశాను. కాన్వాసును గోడకు ఆనించి, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు చల్లని చీకటిని లాగాను. ఆ గీతలు ఆరాక, వెచ్చని చీకటితో ఎదురు దిక్కున వాటిని అడ్డంగా కోస్తూ వెళ్లాను. ఎక్కడైనా రెండు దిక్కులూ సర్దుకుని అందంగా అల్లుకున్నట్లు కనిపిస్తే అక్కడ మళ్లీ పూశాను. గాలి తిరిగిన క్షణంలో సర్దుబాటు ఏమీ లేదు.

ఎక్కువ శ్రమ నడిమి గది దగ్గర పడింది. దానిని కాన్వాసు నట్టనడుమ పెడితే గుడి గర్భాలయంలా స్థిరపడిపోతుందని, కుడివైపు కిందికి జరిపాను. అక్కడ ఓకర్, కొంచెం సియెన్నా, అతి కొద్దిగా తెలుపు కలిపి పలుచని పొరలుగా వేసుకుంటూ వచ్చాను. ప్రశ్న అంతా అంచు దగ్గరే. వెచ్చదనానికి గట్టి అంచు ఇస్తే అది భయం నుంచి వేరుపడి కిటికీలా కనిపిస్తోంది. అంచు పూర్తిగా చెరిపితే బలహీనమై చీకట్లో కరిగిపోతోంది. నోటుపుస్తకం తిరగేస్తే, “నవ్వు ఆగినప్పుడల్లా హోరు దగ్గరికి వచ్చింది” అని రాసుకున్న వాక్యం కనిపించింది. అంచు ఒకచోట ఉండి మరొకచోట లేకపోవాలని దానివల్ల తేలింది. హైదరాబాదు వేసవిలో ఆక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది కనుక, సీసాతో నీటి తుంపర చల్లుతూ, ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం రంగులో కొద్దిగా కలిపి, అంచు కొన్నిచోట్ల తడి మీద కలిసిపోయేలా చేశాను. మిగిలినచోట్ల ఆరనిచ్చి, దాని మీదికి చీకటిని గట్టిగా తెచ్చి నిలిపాను.

పెంకుల చప్పుడు కోసం రంగు పూయడానికి వాడే మొద్దు కత్తి అయిన పాలెట్ నైఫ్‌తో చిన్న చిన్న దెబ్బలు వేశాను. అవి వరుస కట్టగానే కాన్వాసు మీద ఇల్లు లేచి నిలబడింది. కన్ను ఎంత ఆత్రంగా రూపాలను వెతుక్కుంటుందో అప్పుడు తెలిసింది. అప్పటినుంచి కాన్వాసును తరచుగా తిప్పి పెట్టి పని చేశాను: ఒకసారి తలకిందులుగా, ఒకసారి పక్కకు. ఏ వైపు నుంచి చూసినా కప్పుగా కనిపించనంతవరకు ఆ దెబ్బలను విడగొట్టాను, కొన్నింటి మీద చీకటి పలుచగా పూశాను. చప్పుడు మాత్రం మిగలాలి.

ఆ తరువాత పైభాగంలో రావలసిన ఉదయం దగ్గర పని చాలాకాలం నిలిచిపోయింది. గొట్టంలోంచి తీసిన తెలుపు పూస్తే గోడకు సున్నం వేసినట్లయింది. నీలం కలిపితే అది మామ్మ దుఃఖం ఒక్కటే అయింది, ఓకర్ కలిపితే నా సంతోషం ఒక్కటే అయింది. సగం అది, సగం ఇది వేస్తే రెండు ఉదయాలు పక్కపక్కన కనిపించాయి. జరిగినది అది కాదు. వెలుగు ఒక్కటే, ఇద్దరి కళ్లకూ పడినది అదే.

దారి చూపినది కాగితం ముక్కల గోడ. ఒక ముక్క మీద చీకటి పూత సగం, ఓకర్ పూత సగం ఉండగా, కుంచె తుడవడానికి దాని మీద అడ్డంగా లాగిన పలుచని తెలుపు గీత ఉంది. చీకటి మీద ఆ తెలుపు నీలి బూడిదగా, చల్లగా ఉంది. ఓకర్ మీద అదే తెలుపు వెచ్చగా, మీగడ రంగులో ఉంది. నల్లని అడుగు మీద తెలుపును పలుచగా పరిస్తే, దాని కణాలు నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లుతాయి కనుక అది నీలంగా కనబడుతుంది. పొగ చీకటి నేపథ్యం మీద నీలంగా కనిపించడానికి కారణమూ ఇదే. ఒకే తెలుపు, ఒకే చేతి ఊపు, కింద ఉన్న పొరను బట్టి రెండు వెలుగులు. మామ్మ అడుగున ఉన్న పొర వేరు, నా అడుగున ఉన్న పొర వేరు. నాకు కావలసినది సరిగ్గా ఇదేనని ఆ ముక్క ముందు నిలబడి చాలాసేపు చూశాను.

పైభాగంలో వేసిన తెలుపునంతా ఉప్పుకాగితంతో గీకి, అడుగు మళ్లీ కట్టాను. కొంతమేర చీకటిని అలాగే ఉంచి, కింది గదిలోని ఓకర్‌ను అక్కడక్కడ పైకి పాకించాను. దేని హద్దులూ స్పష్టంగా ఉండనివ్వలేదు. పూర్తిగా ఆరిన తరువాత, దాదాపు పొడిగా ఉన్న కుంచెకు తెలుపు అద్ది, గుడ్డకు తుడిచి, ఒక చివర నుంచి మరో చివరకు ఆపకుండా, ఒకే ఒత్తిడితో పరిచాను. ఎక్కడ చల్లబడాలో, ఎక్కడ వెచ్చబడాలో నేను దిద్దలేదు. కింది పొరలు నిర్ణయించాయి. నైరూప్య చిత్రకారుడు వి.ఎస్. గైతోండే రోలరుతో, కత్తితో రంగును పెట్టడం ఎంత ముఖ్యమో తీయడం కూడా అంతే ముఖ్యంగా పని చేసేవాడని చదివి ఉన్నాను. ఆ మాట నాకు చేతికి తెలిసినది ఈ పొర దగ్గరే. తెలుపు చిక్కబడినచోట తడిగుడ్డతో తీశాను, తీసినచోట రాత్రి మళ్లీ కనిపించింది. ఎక్కడ ఆపాలన్నది పెద్ద సమస్య కాలేదు. వెలుగు కింద రాత్రి ఇంకా ఉందని తెలుస్తున్నప్పుడే చేయి తీసేశాను.

అమ్మ హైదరాబాదు వచ్చినప్పుడు చిత్రం చూపించాను. ఏమీ చెప్పకుండా చూపించాలనుకున్నాను గానీ ఆవిడ “పైన ఇంత తెలుపేమిటే?” అని అడగగానే ఆ ఉదయం గురించి, గుమ్మంలో మామ్మ ఏడవడం గురించి చెప్పాను. అమ్మ చిత్రానికి దగ్గరగా వెళ్లి, చల్లని తెలుపు ఉన్న చోటును చూస్తూ, “కాపు పోయిందని ఏడ్చిందనుకున్నావా? మీ తాతయ్య నాటిన వరస అది. ఆయన పోయాక పొద్దున్నే లేచి ఆ చెట్ల మధ్య నడిచి వచ్చేది. ఆ దారి ఎక్కడుందో తెలియక ఏడ్చింది” అన్నది. తాతయ్య నేను పుట్టకముందే పోయారు. ఆ వరసను నేను రోజూ చూసి ఉంటాను గానీ దానికి అంత అర్థం ఉన్నదని నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ మాట విన్న తరువాత చిత్రాన్ని మార్చాలా అని ఆలోచించాను. మార్చలేదు. అది తొమ్మిదేళ్ల పిల్లకు తెలిసినంత మేరకు వేసినది. మామ్మ దుఃఖం ఆ పిల్లకు తెలిసినది పక్కనుంచి వినిపించిన ఏడుపుగానే. మందమైన పొరలు బాగా ఆరడానికి కొన్ని వారాలు గడవనిచ్చి, మెరుపు లేని వార్నిష్ పూసి పక్కన పెట్టాను. తాతయ్య వరస కోసం మరో కాన్వాసు సిద్ధం చేశాను. అది అడ్డంగా చాలా పొడవు, ఎత్తు తక్కువ. నిలువు గీతలు వేయకుండా, వాటి మధ్య ఉండే ఎడాలను మాత్రమే వేయాలన్నది ప్రస్తుతానికి నా ఆలోచన. ఒక మనిషి రోజూ నడిచిన అడుగుల వేగం ఆ ఎడాల్లో ఎలా తేవాలో బొగ్గు కాగితాల మీద ఇంకా వెతుకుతున్నాను.